బెండలో పొడవైన మొక్కే ఎక్కువ కాస్తుందా?

చంద్రగిరి దగ్గర బెండ వేశాం, విత్తనానికి పొడవైన మొక్కల్నే వదలాలా అని అడిగారు.

ఎత్తు ఒక్కటే చూస్తే మోసపోతారు. బెండలో సాధారణంగా ఆకు మొదట్లో ఒక పువ్వు, దానికి ఒక కాయ. కాబట్టి ఆకులు పుట్టే కణుపులు లెక్కపెట్టండి. మొక్క ఆరడుగులు పెరిగినా కణుపుల మధ్య జానెడు ఎడం ఉంటే కాయలెక్కడివి? దిగుబడితో గట్టిగా ముడిపడినవి మొక్కకు కాసే కాయల సంఖ్య, కాయ బరువు. కింది కణుపులోనే తొలి పువ్వొస్తే కోత ముందే మొదలవుతుంది. కాయ బరువు అన్నానని ముదురు కాయను లెక్కలోకి తీసుకోకండి, తిరుపతి మార్కెట్లో కొన విరిచి చూసి పక్కన పడేస్తారు. గట్టు పక్క మొక్కనీ నమ్మకండి, అది చోటు ఎక్కువుండి కాస్తుంది. ఈనెలు పసుపెక్కి పల్లాకు తెగులు కనిపిస్తే ఎంత కాసినా విత్తనానికి వద్దు. హైబ్రిడ్ అయితే ఈ శ్రమే దండగ, వచ్చే పంటలో గుణాలు చెదిరిపోతాయి.