టెక్ సందేహాలు: తూటా పొడవు ఒక్కోటి ఒక్కోలా వస్తోందా, ముందు కొలిచే చోటు చూడండి

పర్లాకిమిడి నుంచి లేత్ షాపు నడిపే ఒక పాఠకుడు ఇలా రాశారు: "సార్, మా మేనల్లుడు టెక్సాస్‌లో ఉంటాడు, రేంజికెళ్ళి రైఫిల్ షూటింగ్ ప్రాక్టీస్ చేస్తాడు, .308 విన్‌చెస్టర్ రౌండ్లు తనే లోడ్ చేసుకుంటాడు. ఒకే సెట్టింగ్ మీద పది చేస్తే పొడవు 71.02 నుంచి 71.30 మి.మీ. దాకా ఒక్కోటి ఒక్కోలా వస్తోందట. మావయ్యా, నువ్వు మెషిన్ మనిషివి కదా చూడు అని వీడియో కాల్ చేస్తాడు. డై ఇంకొంచెం కిందికి దింపి బిగించమన్నాను, తగ్గలేదు. కొన్ని బుల్లెట్ల మీద రింగులా గీత కూడా పడతంది. ఏటి చెయ్యమంటారు?"

ముందు ఒక్క మాట, ఇది చదివి ఇక్కడ ఎవరూ ప్రయత్నం చెయ్యకండి. అక్కడ సొంతానికి రౌండ్లు లోడ్ చేసుకోడానికి ఫెడరల్ లైసెన్స్ అడగరు, అమ్మాలంటేనే అడుగుతారు. మన దగ్గర లైసెన్స్ లేకుండా తూటా తయారు చేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరం. కాబట్టి నేను చెప్పేదంతా టెక్సాస్‌లో ఉన్న ఆ అబ్బాయి బల్ల మీద పని గురించే.

ఇప్పుడు సంగతికొద్దాం. రౌండంటే తూటా మొత్తం, అంటే మందూ, దాన్ని అంటించే ప్రైమరూ ఉండే ఇత్తడి కేసు, దాని మెడలో కూర్చునే బుల్లెట్. ఆ బుల్లెట్‌ని కేసులోకి నొక్కి కూర్చోబెట్టడానికి ప్రెస్‌లో బిగించే అచ్చే ఈ డై, సీటింగ్ డై అంటారు. 71.02కీ 71.30కీ తేడా 0.28 మి.మీ., మీ లేత్ భాషలో పదకొండు థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదకొండు. వినగానే డై తప్పనిపిస్తుంది గానీ నేనైతే ముందు డైని అస్సలు ముట్టుకోను, ఆ కుర్రాడు ఎక్కడ నుంచి ఎక్కడికి కొలుస్తున్నాడో అడుగుతాను. చాలామంది కేసు అడుగు నుంచి బుల్లెట్ మొన దాకా కొలుస్తారు, మ్యాచ్ బుల్లెట్లకి మొన దగ్గర చిన్న బొక్క ఉంటుంది, ఆ అంచు ఫ్యాక్టరీలో ఒక్కోదానికి ఒక్కోలా ముగుస్తుంది, ఒకే డబ్బాలో బుల్లెట్లకే పది థౌ దాకా తేడా ఉండొచ్చు. మరి డైలో బుల్లెట్‌ని కిందికి నెట్టే స్టెమ్ మొనని పట్టుకోదు, కాస్త కిందగా బుల్లెట్ వంపు మీద, అంటే ఓజైవ్ మీద ఆనుతుంది. డై తన పని సరిగ్గానే చేసి ఉండొచ్చు, తేడా అంతా మొనలో ఉండొచ్చు. చెరుకు గడ కొలిచేటప్పుడు పైన ఆకు కొస దాకా కొలిస్తే గడ పొడవు తెలుస్తుందా, ఇదీ అంతే.

అందుకని కంపారేటర్ అని ఒక చిన్న బుష్ ఉంటుంది, దాని బొక్క బుల్లెట్ కంటే కాస్త చిన్నది, .308 బుల్లెట్ వ్యాసం 7.82 మి.మీ. కదా, బొక్క 7.62 దగ్గర ఉంటుంది. దాన్ని కాలిపర్ దవడకి బిగించి బుల్లెట్ వంపు మీద ఆనించి కొలవాలి. అక్కడ షాపుల్లో దొరుకుతుంది. అదే పది రౌండ్లని దీంతో మళ్ళీ కొలవమనండి, తేడా రెండు మూడు థౌ లోపలుంటే కథ అయిపోయినట్టే, డైని వదిలెయ్యమనండి. ఈ ఒక్క మాట చెప్పడానికే నేను ఇంత రాస్తున్నాను, ఎందుకంటే కొలత తప్పయితే మంచి డైని కూడా పాడు చేసుకుంటాం.

అప్పటికీ తేడా ఉందనుకోండి, అప్పుడు మీరు చెప్పిన ఆ రింగు గీత దగ్గరికి రావాలి. మీ షాపులో రెండు జాబులు ఎక్కడ ఆనుకుంటున్నాయో చూడ్డానికి మార్కింగ్ బ్లూ పూస్తారు కదా, అదే పని. మార్కర్ పెన్నుతో ఒక బుల్లెట్ ముందు భాగమంతా నల్లగా పూసి, మందూ ప్రైమరూ లేని ఖాళీ కేసులో కూర్చోబెట్టి తీసి చూడమనండి. రంగు మొన మీద పోయిందంటే పొడవాటి సన్న బుల్లెట్ మొన స్టెమ్ లోపల అడుగుకి తగులుతోందన్నమాట, ఆ బుల్లెట్ ఆకారానికి సరిపోయే స్టెమ్ మార్చాలి. రంగు వంపు మీద సన్నటి గీతగా పోయి, గీత లోహంలోకి కూడా దిగిందంటే రెండు కారణాలు, స్టెమ్ అంచు పదునుగా ఉండటం లేదా బుల్లెట్ మరీ బిగుతుగా దిగుతూ ఉండటం. పదును అయితే సన్న ఎమరీతో అంచు నునుపు చేస్తే పోతుంది, అది మీకు నేను చెప్పక్కర్లేదు.

బిగుతు అయితే మాత్రం కేసు మెడ చూడాలి. ఇత్తడి కదా, ప్రతిసారీ పేల్చినప్పుడు వ్యాకోచిస్తుంది, మళ్ళీ సైజింగ్ డైలో నొక్కుతారు, ఇలా అయిదారుసార్లు అయ్యేసరికి మెడ గట్టిపడి స్ప్రింగులా తయారవుతుంది. మన కంచరివాళ్ళు ఇత్తడి బిందె సాగగొట్టేటప్పుడు మధ్యమధ్యలో కొలిమిలో కాలుస్తారు, లేకపోతే పగులుతుంది, సరిగ్గా అదే కారణంతో రీలోడింగ్ చేసేవాళ్ళు కూడా మెడ వరకే వేడి చేసి ఎనీల్ చేస్తారు, కేసు అడుగు మాత్రం వేడెక్కకూడదు, అది మెత్తబడితే ప్రమాదం. ఒకటి కొత్త కేసు, ఒకటి ఎనిమిదిసార్లు వాడిన కేసు కలిపేస్తే ఒకటి సులువుగా దిగుతుంది, ఒకటి మొండికేస్తుంది, పొడవు ఎలా ఒకేలా వస్తుంది చెప్పండి. కేసు మూతికి లోపల చాంఫర్ కొట్టాడా, అంటే అంచుని ఏటవాలుగా గీశాడా అన్నది కూడా అడగండి, కొట్టకపోతే బుల్లెట్ రాగి తొడుగు గీరుకుపోయి సన్న పొట్టు లేస్తుంది. ఇంకోటి, ఈ మధ్య స్టీలు పిన్నులేసి నీళ్ళల్లో కేసుల్ని తళతళా తోమేస్తున్నారు, చూడ్డానికి బాగుంటుంది గానీ మెడ లోపలుండే సన్న మసి పొర కూడా పోతుంది, అప్పుడు బుల్లెట్ పట్టుకుని పట్టుకుని దిగుతుంది, మెడ లోపల కాస్త పొడి గ్రాఫైట్ తగిలిస్తే సర్దుకుంటుంది.

ఇక మీరిచ్చిన సలహా గురించి, నొచ్చుకోకండి, దాన్ని మాత్రం వెంటనే వెనక్కి తీసుకోండి. చాలా సీటింగ్ డైల లోపల పైన ఒక మెట్టు ఉంటుంది, అది మూతిని క్రింప్ చెయ్యడానికి, అంటే బుల్లెట్ చుట్టూ నొక్కి బిగించడానికి. డైని బాగా దింపేస్తే ఆ మెట్టు కేసు మూతిని నొక్కేసి మెడ కింద భుజం దగ్గర ఉబ్బు వస్తుంది, కంటికి కనపడనంత ఉబ్బు అయినా రైఫిల్ ఛాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే గదిలోకి, పోకపోవచ్చు. పద్ధతేంటంటే ఖాళీ కేసు పెట్టి ర్యామ్‌ని, అంటే కేసుని పైకి నెట్టే ప్రెస్ కడ్డీని, పూర్తిగా పైకి లేపి, డైని తగిలే దాకా దింపి, అక్కణ్ణుంచి ఒక చుట్టు వెనక్కి తిప్పి లాక్ రింగ్ బిగించెయ్యాలి. డై మర 7/8 అంగుళం, అంగుళానికి 14 పళ్ళు, అంటే ఒక చుట్టుకి 1.81 మి.మీ., అంత ఖాళీ చాలు. ఆ తర్వాత పొడవు మార్చేదంతా పైన స్టెమ్ స్క్రూతోనే, డై బాడీని మళ్ళీ తిప్పొద్దు. కేసులన్నీ ఒకే పొడవుకి ట్రిమ్ చేసి ఉండాలి కూడా, .308కి కేసు గరిష్ఠ పొడవు 51.18 మి.మీ., అంతకు మించితే ఆ మెట్టు గొడవ మళ్ళీ మొదలు.

మందు కేసులో నిండుగా ఉండి బుల్లెట్ దాన్ని నొక్కుతూ కూర్చుంటే కాసేపాగి కొంచెం పైకి లేవొచ్చు, అలాంటి లోడు అయితే మర్నాడు మళ్ళీ కొలవమనండి.

ఆఖరిగా ఇది తప్పకుండా చెప్పండి, పొడవు అన్నది గురి కోసమే కాదు. బుల్లెట్ మరీ లోపలికి పోతే మందుకి చోటు తగ్గి పీడనం పెరుగుతుంది, మరీ బయటికుండి బ్యారెల్ లోపలి మెలి గాడుల గట్లకి ఆనినా పెరుగుతుంది. లోడింగ్ మాన్యువల్లో ఆ బుల్లెట్‌కి రాసిన పొడవు దాటి సొంత ప్రయోగం వద్దు, బుల్లెట్ మెడ లోపలికి జారిపోయిన రౌండు కాల్చనే వద్దు. తప్పుగా కూర్చున్నవాటిని ఊడదీయడానికి సుత్తిలాంటి పుల్లర్ దొరుకుతుంది, కళ్ళద్దాలు పెట్టుకుని దాంతోనే తియ్యాలి, పట్టకారతో లాగొద్దు.

గుణుపురం నుంచి ఇంకొకరు, "వర్షాకాలం వస్తే నా డిజిటల్ కాలిపర్ అంకెలు వాటంతటవే ఎగురుతున్నాయి, కొత్తది కొనాలా?" అని అడిగారు. వద్దండీ, ముందు బ్యాటరీ చూడండి. ఆ స్టిక్కర్ కింద సన్న రాగి పట్టీలుంటాయి, స్లైడర్‌లో ఇంకో పట్టీలు, ఈ రెండింటి మధ్య విద్యుత్ కెపాసిటెన్స్ మారేదాన్ని లెక్కపెట్టి అది కొలత చెబుతుంది, మధ్యలో తేమో కూలెంటో చేరితే లెక్క చెడుతుంది. పొడి గుడ్డతో తుడిచి, కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తగిలించి ఆరనివ్వండి. బ్యాటరీ ఎల్ఆర్44 బదులు ఎస్ఆర్44 వెయ్యండి, సైజు అదే, ఖరీదు ఎక్కువ, కానీ సిల్వర్ ఆక్సైడ్ కాబట్టి వోల్టేజి చివరిదాకా నిలకడగా ఉంటుంది. నేను ఒకసారి బ్యాటరీ చచ్చిపోతున్న కాలిపర్‌తో కొలతిచ్చి మోటారు పంపుకి బుష్ చేయించాను, బేరింగ్ లోపల లొడలొడలాడింది, మళ్ళీ చేయించాల్సొచ్చింది. అప్పట్నుంచి కొలిచే ముందు దవడలు మూసి సున్నా వస్తోందా అని చూడకుండా ఏదీ కొలవను. మంచి కాలిపర్ అయినా 0.02 మి.మీ. అటూఇటూ ఉంటుంది, తెర మీద రెండో దశాంశం కనపడింది కదా అని దాన్ని నమ్మేయకండి, పైన మేనల్లుడికి కూడా ఇదే వర్తిస్తుంది.

బరంపురంలో నగల పని చేసే తమ్ముడొకరు, తన చిన్న డిజిటల్ కాటా ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి చూపిస్తోందన్నారు. ఫ్యాన్ ఆపండి, కాటా ఆన్ చేసి అరగంట వదిలెయ్యండి, ఫోను పక్కన పెట్టకండి, తర్వాత తెలిసిన తూకపు రాయి వేసి చూడండి. రీలోడింగ్ వాళ్ళకీ ఇదే తలనొప్పి, వాళ్ళు మందు తూచేది గ్రెయిన్లలో, ఒక గ్రెయిన్ 64.8 మిల్లీగ్రాములు, అందులో పదో వంతు తేడా పట్టుకోవాలి. ఆ రాయితో కాలిబ్రేట్ చేసినా సరిగ్గా చూపించకపోతే లోపల బరువుని పసిగట్టే లోడ్ సెల్ పోయి ఉండొచ్చు, అప్పుడు మాత్రం రిపేరు మీద డబ్బులు తగలెయ్యకుండా వేరేది తీసుకోండి.