మీ అమ్మ అలా మాట్లాడదు కదా తమ్ముడూ

తమ్ముడూ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివా, ఒకసారి బస్సులో, ఇంకోసారి రాత్రి అన్నం తిన్నాక పెన్సిల్ పట్టుకుని. ముందు ఒక మాట, నన్ను మేడం అనకు, అక్కా అంటే చాలు, లెక్క ప్రకారం నీకు పెద్దమ్మ వయసు నాది, అయినా పర్లేదు.

కథ బాగుందా అని అడిగావు. బాగుంది అని చెప్పి ఊరుకోవచ్చు, నీ వయసులో నాకు అందరూ అదే చెప్పి ఊరుకున్నారు, దాంతో పదేళ్ళు వేస్టయ్యాయి. అందుకని ఉన్నది చెప్తా.

శ్రీకాకుళం పక్క పల్లె నుంచి విజయవాడ వచ్చి ఇంటర్ హాస్టల్లో పడ్డ కుర్రాడు, వాడు నోరు తెరిస్తే చాలు రూమంతా "ఏటీ ఏటీ" అని సాగదియ్యడం, మెస్‌లో వెనకనించి "ఓలమ్మో" అని అరవడం, చివరికి వాడు రెండు నెలలు తలూపుడుతోనే బతకడం. ఇదంతా నీదేనని తెలుస్తూనే ఉంది. కానీ నాలుగో పేజీలో వాళ్ళమ్మ ఫోన్ చేస్తుంది చూడు, "ఏమిటి నాన్నా, భోజనం చేశావా, ఎందుకలా ఉన్నావు" అంటుంది. అక్కడ పెన్సిల్ పక్కన పెట్టేశా. మీ అమ్మ అలా మాట్లాడదు కదా. "ఏట్రా గుంటా, బువ్వ తినీసినావా" అంటుంది కదా? నీ కథ మొత్తంలో మీ యాస వెక్కిరించేవాళ్ళ నోట్లోనే ఉంది, మీవాళ్ళ నోట్లో ఒక్క ముక్క లేదు. అమ్మ, నాన్న, తాత అందరూ టీవీలో వార్తలు చదువుతున్నట్టే మాట్లాడతారు.

కావాలని చేసుండవులే. చెయ్యి దానంతటదే దిద్దేసింది. ఆ హాస్టల్ వదిలి ఎనిమిదేళ్ళయిందన్నావు, ఆ కుర్రాళ్ళు ఎవరి ఉద్యోగాల్లో వాళ్ళున్నారు, నువ్వు మాత్రం ఇంకా వాళ్ళు వింటారేమో అని చూసుకుని రాస్తున్నావు.

నాకెలా తెలిసిందంటే, నాకు నత్తి. చిన్నప్పుడు బాగా ఎక్కువ, ఇప్పుడు కొంచెం తక్కువ, అలిసిపోతే మళ్ళీ మామూలే. క, ప, త ఈ మూడూ నాకు శత్రువులు. మా నానమ్మ తేనెలో వస అరగదీసి నాలిక్కి రాసేది, ఎవరో చెప్పారని గులకరాళ్ళు నోట్లో పెట్టించింది, ఒకటి మింగేశాక మానేసింది. బళ్ళో అటెండెన్స్‌కి "ప్రెజెంట్ సార్" అనాలి, ఆ "ప్ర" దగ్గర గొంతు బిగుసుకుపోయేది, ఈలోపు వెనక బెంచీల్లో మోటార్ సైకిల్ స్టార్ట్ చేస్తున్నట్టు కాళ్ళతో నేలమీద తన్నేవాళ్ళు, డుర్ డుర్ అంటూ. నా పేరు కిక్కు. పదో క్లాసు అయ్యేదాకా అదే పేరు. మాస్టారు తిట్టేవాడు కాదు, నవ్వు ఆపుకుంటూ కూర్చోమనేవాడు, పిల్లల నవ్వులకన్నా ఆ ఆపుకున్న నవ్వే నాకు బాగా గుర్తు. తమాషా ఏంటంటే మా గేదెతో మాట్లాడితే ఒక్క తడబాటు ఉండేది కాదు, పాట పాడినా ఉండేది కాదు. చాలామంది నత్తివాళ్ళకి అంతే, పాటలో రాదు. నా పెళ్ళిచూపుల్లో మాట్లాడమనలేదు, పాడమన్నారు, త్యాగరాజ కీర్తన ఒకటి గలగలా పాడేశా, సంబంధం ఖాయమైపోయింది. పెళ్ళయిన మూడోరోజు మా ఆయన మొహం చూడాల్సింది. (మంచాయనే, ఆ కథ ఇంకోసారి.)

సరే అసలు విషయం. ఆ ఏడిపించడం అక్కడితో అయిపోలేదు, వేషం మార్చుకుంది. "కోపం" అనలేక "ఉక్రోషం" అనేదాన్ని, "పండగ" అనలేక "ఉత్సవం" అనేదాన్ని, పదేళ్ళ పిల్ల అలా మాట్లాడుతుంటే వచ్చినవాళ్ళు ఎంత చక్కటి తెలుగో అని ముచ్చటపడేవాళ్ళు. ఒక సభలో ఒకాయన నా పదసంపద గురించి పావుగంట మెచ్చుకున్నాడు, నేను తల దించుకుని కూర్చున్నా, అది సంపద కాదు బాబూ, పారిపోడానికి తవ్వుకున్న సొరంగాలు అని చెప్పలేక. హోటల్‌కి వెళ్తే నాకు పెసరట్టు తినాలనుంటుంది, "ఇడ్లీ" అంటా. ఎందుకంటే ఇ పలుకుతుంది, ప పలకదు. ముప్పై ఏళ్ళు ఇడ్లీ తిన్నా తమ్ముడూ! నా కలంపేరు అచ్చుతో ఎందుకు మొదలవుతుందని అడిగేవాళ్ళకి అది మా అమ్మమ్మ పేరని చెప్తా. ఉత్తిదే. ఫోన్లో ఎవరండీ అంటే చెప్పగలిగిన పేరు అదొక్కటే.

ఈ సంగతి మీద డాక్టర్లు కూడా పనిచేశారు. బ్రిటన్‌లో 1958లో ఒకే వారంలో పుట్టిన పిల్లల్ని పెట్టుకుని వాళ్ళకి 50 ఏళ్ళొచ్చేదాకా వెంటపడి చూశారు, 7 ఏళ్ళకి, 11 ఏళ్ళకి మీవాణ్ణి తోటిపిల్లలు ఏడిపిస్తున్నారా అని తల్లిదండ్రుల్ని అడిగి రాసుకున్నారు. 2014లో ఆ వివరాలు బయటపెట్టారు, తరచూ ఏడిపించబడ్డవాళ్ళలో 45 ఏళ్ళకి కూడా డిప్రెషన్, ఆందోళన ఎక్కువే ఉన్నాయి, 50 ఏళ్ళకి తోడుగా మనిషి ఉండటం, స్నేహాలు ఇలాంటివి తక్కువ. అది చదివి నేనేం ఆశ్చర్యపోలేదు. తల్లిదండ్రుల్ని అడిగారన్న దగ్గరే ఆగిపోయా. మా అమ్మని అడిగుంటే "అబ్బే, అలాంటిదేం లేదండీ" అనేది. నేనెప్పుడూ చెప్పలేదు కదా ఇంట్లో. నీ కథలో కూడా కుర్రాడు ఫోన్లో "బానే ఉన్నానమ్మా" అంటాడు, ఆ ఒక్క లైనూ నిజంగా బాగుంది, దాన్ని ముట్టుకోకు.

ఇంకోటి, ఇదంతా నన్ను రచయిత్రిని చేసిందని కొన్నాళ్ళు ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నా, చప్పట్లు బాగా వస్తాయి దానికి. నువ్వు చెప్పకు. ఏడిపించకపోయినా నేను రాసేదాన్నే, ఇంకో పది కథలు ఎక్కువ రాసేదాన్నేమో, పెసరట్లు కూడా తినేదాన్ని.

నీ క్లైమాక్స్ తీసెయ్. వాడు కలెక్టరై వచ్చి, రూమ్మేట్ లైన్లో నిలబడి చేతులు జోడించడం. అందరం రాత్రిపూట దుప్పట్లో ఊహించుకునేదే అది, అందుకే కథలో వద్దు. నిజంగా ఏం జరుగుతుందో చెప్తా. మా పదో క్లాసు బ్యాచ్ అంతా కలిశాం, ఆ కాళ్ళు తన్నే బ్యాచ్ లీడరు వచ్చాడు, పొట్ట, బట్టతల, షుగరు. నేను ఇంటి దగ్గర వారం రోజులు ప్రాక్టీస్ చేసుకుని వెళ్ళా ఏం అడగాలో. వాడు నన్ను చూడగానే సంతోషంగా "కిక్కూ! నువ్వుంటే క్లాసు ఎంత సరదాగా ఉండేదే" అన్నాడు. అంతే. వాడికి గుర్తున్నది అదే. నేను నవ్వా. ఫొటో కూడా దిగాం. ఇంటికొచ్చాక రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇది రాయడానికి నాకూ చెయ్యి రావట్లేదు కానీ రాస్తా. మా క్లాసులో బొల్లి మచ్చలున్న అమ్మాయి ఒకతి ఉండేది. తన పక్కన కూర్చోకూడదని ఎవరో మొదలెడితే బెంచీ మారినవాళ్ళలో నేనూ ఉన్నా. అసలు ముందు లేచింది నేనే. ఆ పూట నన్నెవరూ కిక్కు అనలేదు, ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది నాకు. నీ మెయిల్ చివర్లో ఒక వాక్యం ఉంది, హాస్టల్లో లావుగా ఉండే కుర్రాణ్ణి అందరూ ఆటపట్టిస్తుంటే నేనూ నవ్వేవాణ్ణి అప్పుడప్పుడూ అని. అది మెయిల్లో ఉంది, కథలో లేదు. ఎందుకు లేదు? నీ హీరో మరీ పాలలా తెల్లగా ఉన్నాడు, వాణ్ణి నవ్వనివ్వు.

యాస విషయానికొస్తే, మనందరం రాసే ఈ వాడుక తెలుగు కోసం జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి గారు ఎక్కడివాడో తెలుసు కదా, మీ శ్రీకాకుళం వైపు పర్వతాలపేటలో 1863లో పుట్టారు, ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. ఆ రోజు మీ కాలేజీలో కూడా స్టేజీ కట్టి దండేసి ఉంటారు, సాయంత్రం హాస్టల్లో మళ్ళీ "ఏటీ ఏటీ". ఈ సంగతి కథలో పెట్టకు, లెక్చర్ అయిపోద్ది. నీకు తెలిసుంటే చాలు. శ్రీకాకుళంలో కథానిలయం ఉంది, తెలుగు కథల లైబ్రరీ, సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఒక పూట అక్కడ కూర్చో. మీ వైపు మనుషులు మీ మాటల్లోనే మాట్లాడుకునే కథలు బోలెడు దొరుకుతాయి, ఏదో ఒకటి తీసి పైకి చదువు. నోరు తిరుగుతుంది.

తిరగరాసేటప్పుడు ముందు నాలుగో పేజీ రాయి, మిగతాది తర్వాత. అమ్మకి ఫోన్ చేసి ఊరికే మాట్లాడించు, ఆమె ఏమంటే అదే దించు, దిద్దకు. అయ్యాక పంపు. లేదా ఫోన్ చేసి చదివి వినిపించు, మీ యాసలో నువ్వు చదువుతుంటే వినాలనుంది నాకు. నేను ఎత్తాక "హలో" రావడానికి కాస్త టైం పడుతుంది, లైన్ కట్టయిందేమో అనుకుని పెట్టెయ్యకు.

ఉంటా,
అక్క