వాల్వు మార్చే ముందు పరీక్ష చేయించు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

మీ షార్లెట్ ఇంట్లో హీట్ పంప్ సరిగా వేడి ఇవ్వడం లేదనీ, వచ్చిన మెకానిక్ ఎక్స్‌పాన్షన్ వాల్వు (కాయిల్‌లోకి ఎంత గ్యాసు పోవాలో నియంత్రించేది) పోయింది, మార్చాలన్నాడనీ రాశావు. తొందరపడి ఒప్పుకోవద్దు. ఏ తప్పు జరిగినా ముందు ఆ వాల్వు మీదికే నెట్టడం మా వృత్తిలో పాత అలవాటు.

వేసవిలో చల్లదనం బాగానే వచ్చిందన్నావు కదా, అది మంచి ఆధారం. మీలాంటి యంత్రాల్లో సాధారణంగా రెండు వాల్వులుంటాయి. ఇంట్లోది చల్లదనానికి, బయటిది వేడికి. కాబట్టి అనుమానించాల్సింది బయటిదాన్ని.

అయితే గ్యాసు, అంటే యంత్రంలో తిరిగే రిఫ్రిజెరెంట్, తగ్గినా, వాల్వు మూసుకుపోయినా పైకి కనిపించే లక్షణాలు ఒకటే. కంప్రెసర్‌కు వెళ్లే గొట్టంలో పీడనం పడిపోతుంది, సూపర్‌హీట్, అంటే ఆవిరయ్యాక గ్యాసు అదనంగా వేడెక్కే మేర, పెరుగుతుంది. అది 8 నుంచి 12 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాల్సిన చోట 30 దాటిందంటే కాయిల్‌కు గ్యాసు చాలడం లేదన్నమాట. తేడా తెలిసేది సబ్‌కూలింగ్‌లో, అంటే ద్రవమయ్యాక గ్యాసు అదనంగా చల్లబడే మేరలో. గ్యాసు తక్కువైతే అది తగ్గుతుంది, వాల్వు మూసుకుపోతే పెరుగుతుంది. డ్రయ్యర్ (గ్యాసులోని తడిని, మురికిని పట్టే ఫిల్టర్) పూడుకుపోయినా పెరుగుతుంది కనుక దాని రెండు చివరలా ఉష్ణోగ్రత కొలవాలి. అక్కడ తేడా స్పష్టంగా ఉంటే వాల్వు జోలికి పోనక్కరలేదు.

ఆ తర్వాత బల్బు చూడమను. వాల్వు నుంచి వెంట్రుకంత సన్నని గొట్టం వచ్చి, వేలెడంత రాగి బల్బుతో ముగుస్తుంది. దాన్ని పెద్ద గొట్టానికి పట్టీతో బిగించి, పైన ఇన్సులేషన్ చుడతారు. పట్టీ వదులైనా, ఇన్సులేషన్ ఊడినా వాల్వు తప్పుగా పనిచేస్తుంది. బల్బును విప్పి గుప్పిట్లో పట్టుకుంటే కంప్రెసర్‌కు వెళ్లే గొట్టంలో పీడనం పెరగాలి, ఐసు నీళ్లలో ముంచితే తగ్గాలి. గేజి ముల్లు కదలకపోతే అప్పుడు వాల్వు మార్చాల్సిందే.

ఆ పని నువ్వు మొదలుపెట్టకు. అమెరికాలో గ్యాసు ఉన్న భాగాన్ని విప్పడానికి పర్యావరణ చట్టం కింద ఇచ్చే సెక్షన్ 608 సర్టిఫికెట్ ఉండాలి. చేసేవాణ్ణి మాత్రం దగ్గరుండి చూడు. గ్యాసును గాలిలోకి వదలకుండా సిలిండర్‌లోకి తీసుకోవాలి. గొట్టాలు అతికేటప్పుడు లోపల నైట్రోజన్ సన్నగా పారుతూ ఉండాలి, వాల్వుకు తడిగుడ్డ చుట్టాలి. నైట్రోజన్ లేకుండా వేడి చేస్తే లోపల నల్లటి పొర కట్టి, అదే రాలి కొత్త వాల్వులో అడ్డుపడుతుంది. ఈ ఒక్క విషయంలో మొహమాటపడవద్దు. డ్రయ్యర్ కొత్తది వేయించు. 500 మైక్రాన్ల (వ్యాక్యూమ్ కొలత) కంటే కిందికి వ్యాక్యూమ్ తీసి, అది నిలుస్తోందో లేదో చూశాకే గ్యాసును తూకం వేసి నింపాలి.

వారంటీ కాగితాలు వెతుకు, విడిభాగం ఉచితంగా రావచ్చు. అతను తీసిన పీడనం, సూపర్‌హీట్, సబ్‌కూలింగ్ అంకెలు నాకు పంపు. అంతవరకు థర్మోస్టాట్‌ను ఎమర్జెన్సీ హీట్‌లో, అంటే హీట్ పంప్ ఆగి కరెంటు హీటరు మాత్రమే పనిచేసేలా, పెట్టుకోండి. కరెంటు బిల్లు పెరుగుతుంది కానీ కంప్రెసర్‌కు విశ్రాంతి దొరుకుతుంది, పాపకు చలి తగలదు.