కాలనీ కుర్రాళ్ళంతా కలిసి ఫుట్‌బాల్ క్లబ్ పెడితే మొదటి రెండు మూడు సీజన్లు ఎలా ఉంటాయి?

మీరు అడిగినవి మూడు. పదహారు మంది ఉన్నాం, లోకల్ లీగ్‌లో దిగాలనుంది, ఖర్చెంతవుతుంది? రిజిస్ట్రేషన్ ముందే చేయించాలా? మనుషులు నిలబడతారా?

నేను సికింద్రాబాద్‌లో, బొల్లారం వెళ్ళే దారిలో, 2011లో ఒక క్లబ్ మొదలుపెట్టిన వాళ్ళలో ఒకణ్ణి. మీరు చివర అడిగినదానికే ముందు జవాబు చెప్తాను. పదహారు మందిలో పదకొండు మంది ఆడతారు. మిగిలిన అయిదుగురిని మీరు ఎలా చూసుకుంటారన్నదాని మీదే మీ క్లబ్ ఉండడమైనా పోవడమైనా. ఇది మాకు తెలిసేసరికి ఒక సీజన్ పోయింది, దానితో పాటు ఆరుగురు మంచి పిల్లలూ పోయారు. వాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ దారిలో కనబడితే పలకరిస్తారు గానీ గ్రౌండ్ వైపు రారు. ఆ బాధ నాకు ఇంకా ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటి సీజన్ సంగతి. మాకు గ్రౌండ్ అంటే ఒక ఖాళీ జాగా. ఒక పక్క తుమ్మచెట్లు, ఇంకో పక్క కాంపౌండ్ గోడ. పెళ్ళిళ్ళ సీజన్‌లో అక్కడే షామియానాలు వేసేవాళ్ళు. వాళ్ళు గుంజలు పీక్కుపోయేవాళ్ళు గానీ ఇనుప మేకులు మట్టిలోనే వదిలేసేవాళ్ళు. పొద్దున అయిదున్నరకు వెళ్ళి ముందు పదిహేను నిమిషాలు వరసగా నిలబడి నడుస్తూ మేకులు, గాజుపెంకులు, తుమ్మముళ్ళు ఏరేవాళ్ళం. ఆ తర్వాతే బంతి. ఇప్పటికీ మా దగ్గర ఆ అలవాటు పోలేదు, మీరూ మొదటి రోజు నుంచే పెట్టుకోండి.

గోల్‌పోస్టులు లేవు, రెండు బండరాళ్ళు పెట్టుకుని ఆడేవాళ్ళం. అప్పుడే మాకు చాచా దొరికారు. రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన, డెబ్బై దాటిన మనిషి, రోజూ ఆ జాగా చుట్టూ వాకింగ్ చేసేవారు. ఓ రోజు ఆగి రాళ్ళ మధ్య దూరం అడుగులు పెట్టి కొలిచారు. "ఎనిమిది గజాలు ఉండాలె బేటా. ఇది అయిదు కూడా లేదు. గిట్ల నేర్పితే మీ గోలీ చెడిపోతడు" అన్నారు. గోలీ అంటే గోల్‌కీపర్. మేము పెద్దగా పట్టించుకోలేదు. లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడినరోజు అర్థమైంది. అసలు గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. మా గోలీ చిన్న గోల్‌కి అలవాటుపడి రెండడుగులు వేసి ఆగిపోయేవాడు, బంతి ఇంకో రెండడుగుల అవతల నుంచి లోపలికి పోయేది. తప్పు వాడిది కాదు, మేము నేర్పిన కొలతది. ఆ తర్వాత వారం వెల్డింగ్ షాపులో పైపులు కోయించి, టేపు పట్టుకుని పక్కన నిలబడి, సరైన కొలతతో పోస్టులు చేయించాం. మొదటి డబ్బు పోస్టులకి పెట్టండి, జెర్సీలు తర్వాత.

ఇంకో పొరపాటు కూడా చెప్పాలి. గీతలు వేయడానికి సున్నం పొడి తెచ్చాం. పాలపొడి డబ్బా అడుగున మేకుతో చిల్లులు కొట్టి, రెండు గూటాలకు సుతిలి తాడు కట్టి, తాడు వెంబడి డబ్బా ఆడిస్తూ పోతే గీత చక్కగా పడేది. మధ్యలో వలయానికి గూటం పాతి 9.15 మీటర్ల తాడు పట్టుకుని ఒకడు చుట్టూ తిరిగేవాడు. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. ఓ రోజు పొద్దున మంచు పడి గీతలు తడిసి ఉన్నాయి. మా కుర్రాడొకడు పెనాల్టీ బాక్స్ దగ్గర జారుతూ ట్యాకిల్ చేశాడు. తొడ అప్పటికే గీరుకుపోయింది, దాని మీద తడిసిన సున్నం. సాయంత్రానికి చర్మం కాలినట్టు బొబ్బలెక్కింది. వాళ్ళమ్మ వచ్చి అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. ఆ రోజు నుంచి సున్నం ముట్టలేదు, ముగ్గుపిండే వాడుతున్నాం. గీత కాస్త తొందరగా చెదిరిపోతుంది, పోనీండి.

ఇక ఆ మొదటి మ్యాచ్. బుధవారం మధ్యాహ్నం ఆట అని మంగళవారం సాయంత్రం కబురొచ్చింది. మొదటి మెట్టు లీగుల్లో ఇలా జరుగుతుందని అనుకునే ఉండండి. మా పదకొండు మందిలో కాలేజీలో ప్రాక్టికల్స్ ఉన్నవాళ్ళు ముగ్గురు, షిఫ్టు వదల్లేనివాళ్ళు ఇద్దరు, ఫోన్ ఎత్తనివాడు ఒకడు. గ్రౌండ్‌కి వచ్చింది మొత్తం ఎనిమిది మంది. ఏడుగురికి తగ్గితే ఆట మొదలుపెట్టనివ్వరు కాబట్టి ఎనిమిది మందితోనే దిగాం. అరవయ్యో నిమిషం దగ్గర ఒకడికి పిక్క పట్టేసి బయటికొచ్చాడు. ఏడుగురం మిగిలాం. ఇంకొక్కరు పడిపోతే రిఫరీ ఆట ఆపేస్తాడు. చాచా గీత బయట నిలబడి "కూసోవద్దు, ఎవ్వరు కింద కూసోవద్దు" అని అరుస్తూనే ఉన్నారు. ఏడు గోల్స్ తిన్నాం, కానీ తొంభై నిమిషాలూ ఆడాం.

ఆ ఎనిమిది మందిలో ముగ్గురు ప్రాక్టీసులో ఎప్పుడూ బయట నిలబడేవాళ్ళు. బంతి గోడ అవతల పడితే తెచ్చేది వాళ్ళే, నీళ్ళ క్యాన్ మోసేదీ వాళ్ళే. మంగళవారం సాయంత్రం ఫోన్ చేస్తే "వస్తనన్నా" అని మొదటి రింగుకే చెప్పింది కూడా వాళ్ళే. మరి తర్వాత మ్యాచ్ ఆదివారం పడింది, అందరూ వచ్చారు. మేమేం చేశాం? ఆ ముగ్గుర్నీ మళ్ళీ బయట కూర్చోబెట్టాం. నేనే కూర్చోబెట్టాను, అప్పుడు జట్టు రాసేది నేనే. 1-1తో డ్రా అయింది, అందరం ఎగిరి గంతేశాం. వాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. మరుసటి వారం ఒకడు రాలేదు, పై వారం ఇంకొకడు. సీజన్ ముగిసేసరికి వాళ్ళలో ఒక్కడే మిగిలాడు. అలా బయట నిలబడి విసిగిపోయినవాళ్ళే మొత్తం ఆరుగురు పోయారు.

సీజన్ అయిపోయాక చాచా ఒక అట్ట నోట్‌బుక్ తెచ్చి నా చేతిలో పెట్టారు. "గెలిచిన్నాడు అందరొస్తరు. ఓడిన తెల్లారి ఎవరొచ్చిన్రో అది రాయి" అన్నారు. ఆ పుస్తకం ఇప్పుడు నా ముందే ఉంది. పేర్లు నిలువుగా, తేదీలు అడ్డంగా, వచ్చినవాళ్ళకి టిక్కు, చెప్పి మానేసినవాళ్ళకి సున్నా, చెప్పకుండా మానేసినవాళ్ళకి ఖాళీ. రెండో సీజన్‌కి దీన్నిబట్టే రూలు పెట్టాం. వారంలో నాలుగు రోజులు వచ్చినవాడి పేరు ముందు, ఆట ఎంత బాగా ఆడినా సరే. దానితోపాటు, జాబితాలో ఉన్న ప్రతివాడూ కనీసం మూడు మ్యాచుల్లో సగం ఆటైనా ఆడాలి.

గొడవైంది. మా బెస్ట్ ఫార్వర్డ్, నిజంగానే మా అందరికన్నా రెండు మెట్లు పైన ఆడేవాడు, "ఇట్లయితే ఎప్పుడు గెలుస్తమన్నా" అని వెళ్ళిపోయాడు. వాడు అడిగినదాంట్లో న్యాయం లేదనను. ఆ సీజన్ మొదటి నాలుగు మ్యాచులూ ఓడిపోయాం. కానీ పుస్తకం తిరగేస్తే ఓడిన తెల్లారి సోమవారాల్లో టిక్కులు పదమూడు, పద్నాలుగు, పదిహేను. మొదటి సీజన్‌లో అదే సోమవారం పొద్దున నలుగురం వచ్చిన రోజులున్నాయి. ఇప్పటికీ నా మాట అదే, ఫార్వర్డ్ పోయినా ఆ రూలు పెట్టడమే సరైన పని.

చాచా నేర్పే పద్ధతి గురించి రాయకపోతే నాకు తృప్తి ఉండదు. ఆయన చిన్నతనంలో ఫతే మైదాన్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆట చూసిన మనిషి. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్ గెలుచుకొచ్చిన జట్టు అది. దాన్ని తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం గారే తర్వాత ఇండియా జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి తీసుకెళ్ళారు. రహీం గారు వృత్తికి బడి పంతులు. చాచా ఆయన్ని "రహీం సాబ్" అనే అనేవారు, ఆ పేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గేది. రోజూ పది నిమిషాలు ఎడమకాలితోనే ఆడాలి, కుడికాలు తగిలితే ఫౌల్. ఇది రహీం సాబ్ పద్ధతి అని చెప్పేవారు. ఇంకో పది నిమిషాలు బంతిని రెండుసార్లకు మించి తాకకూడదు. మొదట్లో మా వాళ్ళు విసుక్కున్నారు. పిల్లల బుర్రల్లో యూరప్ క్లబ్బుల పేర్లే ఉండేవి, అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడని ఒక్కడికీ తెలియదు. అమ్ముగూడ మా గ్రౌండ్ నుంచి సైకిల్ మీద పోయేంత దూరం! చాచా ఆ సంగతి చెప్పిన రోజు మా గోలీ నమ్మక, ఫోన్‌లో వెతికి చూసి, అందరికీ పైకి చదివి వినిపించాడు. మరునాడు ఎడమకాలి ఆటలో ఎవరూ విసుక్కోలేదు.

ఆ ఎడమకాలి పది నిమిషాలు ఎక్కువ పనికొచ్చింది బయట కూర్చునేవాళ్ళకే. ఇందాక చెప్పిన ముగ్గురిలో మిగిలిన ఒక్కడు రెండేళ్ళు ఒక్కరోజు తప్పకుండా వచ్చాడు. పరుగు తక్కువ, బక్కమనిషి. కానీ మూడో సీజన్‌లో ఎడమ పక్క కాపుకాసే లెఫ్ట్ బ్యాక్‌కి కాలు బెణికితే వాణ్ణి దించాం. కార్నర్ గీత దగ్గర ఇద్దరు మీదకొస్తే బంతిని ఎడమకాలితోనే లోపలికి మళ్ళించి, నెమ్మదిగా, తల ఎత్తి చూసి ఇచ్చాడు. అందరం ఒకర్నొకరం చూసుకున్నాం. ఆ రోజు నుంచి ఆ చోటు వాడిదే.

మధ్యలో రెండు ప్రమాదాలు కాచుకోండి. ఒకటి, క్యాష్ ప్రైజ్ టోర్నమెంట్లు. గెస్ట్ ప్లేయర్లను డబ్బిచ్చి తెచ్చి ఆడదామని మా వాళ్ళలో కొందరికి ఆశ పుట్టింది. ఒకసారి చేశాం, సెమీస్ దాకా వెళ్ళాం. మా సొంత కుర్రాళ్ళు నలుగురు చూస్తూ నిలబడ్డారు, నిర్వాహకులు ప్రైజ్ డబ్బూ ఇవ్వలేదు. మళ్ళీ చేయలేదు. రెండోది క్యాలెండర్. ఆషాఢంలో బోనాలు, ఆ వెనకే గణేశ్ మండపాలు, పండగలకి గ్రౌండ్ దొరకదు. రంజాన్‌లో ఉపవాసం ఉన్నవాళ్ళని పొద్దున పరిగెత్తించకూడదు. మేము ఆ నెల ప్రాక్టీసు రాత్రికి మార్చాం, వీధిదీపం వెలుగులో పాసింగ్ మాత్రమే. ఉపవాసం లేనివాళ్ళూ రాత్రే వచ్చారు, రమ్మని నేను ఎవరికీ చెప్పలేదు.

ఖర్చు సంగతి పొడిగా చెప్పేస్తాను. మొదటి ఏడాది పోస్టులు, అయిదో నంబరు సైజు బంతులు నాలుగు, జట్టుకి ఒక సెట్ జెర్సీలు, ఎంట్రీ ఫీజు, ఐస్, బ్యాండేజీలు. అంతకుమించి లేదు. నెలకు మనిషికి వంద రూపాయలు పెట్టుకున్నాం, ఇవ్వలేనివాడిది ఎవరో ఒకరు నోరెత్తకుండా కట్టేవారు. లెక్క అదే నోట్‌బుక్ చివరి పేజీల్లో రాసి, నెలాఖరున గ్రౌండ్‌లో పైకి చదివేవాళ్ళం. స్పాన్సర్ కోసం ఆగకండి. జెర్సీల మీద పేర్లు వేయించకండి, నంబర్లు చాలు, రెండో ఏడాది అవే ఇంకొకరు వేసుకుంటారు. బంతుల్లో గాలి మరీ గట్టిగా కొట్టకండి, రాళ్ళ నేల మీద కుట్లు విడిపోతాయి. మోకాలి కింద కట్టుకునే షిన్ గార్డ్స్ మాత్రం ప్రాక్టీసులో కూడా తప్పనిసరి చేయండి.

రిజిస్ట్రేషన్‌కి మొదటి రోజే పరుగెత్తనక్కర్లేదు, కానీ లీగ్ నిర్వాహకులు ఏ కాగితాలు అడుగుతారో ముందే కనుక్కోండి. సొసైటీగా నమోదు చేయడానికి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. మేము మూడో సీజన్ ముగిశాక చేయించాం. ఆ రోజు చాచా వాళ్ళింటి వరండాలో కూర్చుని కాగితాల మీద సంతకాలు పెట్టాం. ఏడుగురిలో నలుగురు రెండేళ్ళు నోట్‌బుక్‌లో టిక్కులు పడుతూ ఆటకు బయట నిలబడ్డవాళ్ళు. లెఫ్ట్ బ్యాక్ సంతకం నాలుగోది. వాడిప్పుడు శని, ఆదివారాల్లో పదమూడేళ్ళలోపు పిల్లలకి ఎడమకాలి ఆట నేర్పుతున్నాడు. మీరు సికింద్రాబాద్ వైపు వస్తే పొద్దున అయిదున్నరకు రండి. మేకులు ఏరే వరసలో మీరూ నిలబడొచ్చు, ఆ తర్వాత ఏం అడగాలన్నా అడగండి.