భోగి పళ్ళలో డాలర్ చిల్లర వేయొచ్చా? మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో కాసుల పేరు గురించి రాసినప్పటి నుంచి మీరు నాణేల మీదే అడుగుతున్నారు. కొనడానికి, అమ్మడానికి కాకుండా చిల్లరని మనం ఎన్ని పనులకి వాడతామో మీ ఉత్తరాలు ఒక్కచోట పెట్టుకుని చదివితే ఆశ్చర్యం వేసింది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాను.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. బాబుకి మూడో ఏడు. భోగి పళ్ళు పోద్దామంటే ఇక్కడ రేగుపళ్ళు దొరకవు, రూపాయి బిళ్ళలు లేవు. బ్లూబెర్రీలు, ఇక్కడి సెంట్లు వేస్తే తప్పా? రూపాయి బిళ్ళే ఉండాలని మా అత్తగారు పట్టుబడుతున్నారు.

జవాబు: తప్పేం లేదమ్మా, నిక్షేపంగా వేయండి. రేగుపళ్ళు, చెరుకు ముక్కలు, నానబెట్టిన శనగలు, బంతిపూల రేకులు, చిల్లర, ఇవన్నీ కలిపి పిల్లల తల చుట్టూ తిప్పి పోసేది దిష్టి పోవాలని. ఆ చిల్లర సంగతి వేరే చెప్పుకోవాలి. రాజుల కాలంలో కనకాభిషేకం అని ఉండేది, అంటే బంగారు నాణేలతో స్నానం చేయించడం. శ్రీకృష్ణదేవరాయలు 1514లో తిరుమల స్వామికి ముప్పై వేల బంగారు నాణేలతో కనకాభిషేకం చేయించాడు. మనం మన ఇంటి బుజ్జిగాడికి చేసేది కూడా అలాంటిదే అనిపిస్తుంది నాకు, వరహాల బదులు మన దగ్గరున్న చిల్లరతో.

నా చిన్నప్పుడు మా అమ్మమ్మ ఇత్తడి పళ్ళెంలో అయిదు పైసల పలక బిళ్ళలు, అంచు వంకీలు తిరిగిన పది పైసలు కలిపేది. అల్యూమినియంవి కదా, తల మీద పడినా ఆకు పడినట్టే ఉండేది. గచ్చు మీద అవి చప్పుడు చేస్తూ పడగానే చుట్టూ ఉన్న పిల్లలం ఒకళ్ళ మీద ఒకళ్ళం పడి ఏరుకునేవాళ్ళం, కూర్చోబెట్టిన పిల్లాడు మాత్రం నోరు తెరుచుకుని చూస్తుండేవాడు. తర్వాత వచ్చిన లావు అయిదు రూపాయల బిళ్ళ తొమ్మిది గ్రాములు, అది పోస్తే దెబ్బే తగులుతుంది. మీరు కూడా క్వార్టర్లు (పావు డాలర్ బిళ్ళలు) మానేసి చిన్నవి వేయండి, కానీ చిన్నవాటితో ఇంకో టెన్షన్ ఉంది. మూడేళ్ళ పిల్లాడు దొరికింది నోట్లో పెట్టుకుంటాడు. అందుకని ఎన్ని వేశారో ముందే లెక్కపెట్టుకోండి, సబ్బు నీళ్ళతో కడగండి, గుప్పెడు గుప్పెడుగా తలకి దగ్గర నుంచే పోయండి, అయ్యాక అన్నీ దొరికాయో లేదో మళ్ళీ లెక్క చూసుకోండి. అత్తగారి మాట కోసం ఇండియా నుంచి వచ్చేవాళ్ళతో ఒక్క రూపాయి బిళ్ళ తెప్పించుకుంటే సరి. ఒకటి మాత్రం మర్చిపోవద్దు, పోసిన చిల్లర తిరిగి మీ పర్సులో వేసుకోకండి, పేరంటానికి వచ్చిన పిల్లలకే వదిలేయండి.

ప్రశ్న: నూట పదహార్లు, వెయ్యి నూట పదహార్లు ఎందుకు? పెళ్ళి చదివింపులు ఫోన్‌పేలో పంపితే ఆ పదహారుకి విలువ ఉంటుందా? (నిజామాబాద్)

జవాబు: సున్నాతో ముగిస్తే లెక్క అక్కడితో ఆగిపోయినట్టు, పైన కొంచెం కలిపితే ఇంకా పెరుగుతుందన్నట్టు. ఇది అందరూ చెప్పేదే. మీ ప్రాంతంలో ఇంకో కథ కూడా ఉంది. హైదరాబాద్ సంస్థానానికి హాలీ సిక్కా అని సొంత రూపాయి ఉండేది. వంద ఇంగ్లీషు రూపాయలకి నూట పదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైసల హాలీ సిక్కా వచ్చేది. అంటే నూట పదహార్లు ఇచ్చావంటే దాదాపు నిండు వంద ఇచ్చినట్టు. మారకం రేటు నిజమే. కాకపోతే నూట పదహార్లు అక్కడి నుంచే పుట్టాయంటే నాకు పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు, ఎందుకంటే హాలీ సిక్కా చెల్లని కోస్తా జిల్లాల్లోనూ ఇదే లెక్క ఉంది.

ఫోన్‌పేలో పంపండి, దూరంలో ఉన్నవాళ్ళు ఇంకేం చేస్తారు. పంతులుగారికి దక్షిణ, ముత్తైదువకి వాయనం ఇచ్చేటప్పుడు మాత్రం తమలపాకు మీద ఒక బిళ్ళ పెట్టి మీ చేత్తో ఇవ్వండి. ఒడిబియ్యంలో కుడుకలు, పోకలు, ఖర్జూరాలతో పాటు వేసే రూపాయి బిళ్ళలకి ఫోన్ ఎలా పనికొస్తుంది చెప్పండి?

ప్రశ్న: రాజమండ్రి వంతెన మీద రైలు వెళ్తుంటే గోదావరిలో చిల్లర వేస్తాం. రాగి నీటిని శుద్ధి చేస్తుందనే పెద్దలు ఈ ఆచారం పెట్టారని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?

జవాబు: ఇప్పటి రూపాయి బిళ్ళ స్టెయిన్‌లెస్ స్టీల్. రేవుల్లో పిల్లలు తాడుకి అయస్కాంతం కట్టి నీళ్ళలోకి వదిలి చిల్లర పైకి లాగుతుంటారు కదా, రాగి అయితే అయస్కాంతానికి అంటుకోదు. రాగి కానీలు ఉన్న రోజుల్లో కూడా అంత ప్రవాహాన్ని ఆ నాలుగు కానీలు శుభ్రం చేశాయంటే నేను నమ్మను. రైలు చప్పుడు మారగానే లేచి, కిటికీలోంచి బిళ్ళ వేసి దండం పెట్టుకునేది ఆ తల్లికి దక్షిణ ఇవ్వాలని. భక్తికి సైన్స్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కింద పడవల్లో మనుషులు ఉంటారు కాబట్టి రైల్లోంచి మాత్రం విసరకండి. 2027లో పుష్కరాలు వస్తున్నాయి, ఘాట్ దగ్గర దిగి నీళ్ళు ముట్టుకుని ఇచ్చుకోండి.

ప్రశ్న: తాతగారి పెట్టెలో ఒక బిళ్ళ దొరికింది. ఒక పక్క సీతారామ లక్ష్మణులు, హనుమంతుడు. రెండో పక్క ఈస్ట్ ఇండియా కంపెనీ, 1818, ఒక అణా అని ఉంది. ఒకాయన ఫోన్ చేసి యాభై లక్షలు వస్తాయి, ముందు రిజిస్ట్రేషన్‌కి పదివేలు కట్టమంటున్నాడు.

జవాబు: ఒక్క పైసా కట్టొద్దు, దయచేసి. ఇప్పటికే కట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. కంపెనీ వాళ్ళు మద్రాసులో వేసిన బంగారు వరహాల మీద దేవుడి బొమ్మ ఉండేది, నిజమే, కానీ రాముడి బొమ్మతో అణా వాళ్ళు ఎన్నడూ వేయలేదు. యాత్రాస్థలాల్లో పూజకోసం అమ్మే రామటంకాలు అని ఉంటాయి, అవి బజార్లో చెల్లే డబ్బు కాదు. వాటిని చూసి, పైన కంపెనీ పేరు కొట్టి తయారు చేసినవే ఇవి. అలాగని మీ తాతగారిని తక్కువ చేయకండి. రామదాసుని విడిపించడానికి రామలక్ష్మణులే వచ్చి తానీషాకి రామమాడలు చెల్లించారన్న కథ విని పెరిగిన మనిషి, రాముడి బొమ్మ ఉన్న బిళ్ళని పారేస్తాడా? దేవుడి గూట్లో పెట్టుకోండి.

ప్రశ్న: మా వైపు పిల్లల మొలతాడుకి చిల్లు కానీ కట్టేవారు. ఇప్పుడు దొరకడం లేదు. రూపాయి బిళ్ళకే చిల్లు కొట్టించవచ్చా?

జవాబు: వద్దు. 2011 నాణేల చట్టం ప్రకారం నాణేన్ని కరిగించడం, పాడు చేయడం నేరం. చిల్లు కానీకి ఆ చిల్లు టంకశాలలోనే పెట్టారు. యుద్ధకాలంలో లోహం ఆదా చేయడానికి 1943 నుంచి 1947 వరకు అలా వేశారు. నా దగ్గర ఒకటుంది, ఒక పక్క కిరీటం, ఇంకో పక్క ఆకుల తీగ, చిల్లు అంచు నల్లదారం రాపిడికి నున్నగా అరిగిపోయింది. పాత నాణేలు అమ్మేవాళ్ళ దగ్గర అడిగి చూడండి, ఖరీదైనదేం కాదు.

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగానికి సౌదీలోని దమ్మాం వెళ్తుంటే పక్కింటి ఖాలా వచ్చి, జరీ గుడ్డలో రూపాయి చుట్టి వాడి జబ్బకి కట్టింది. కాదనలేకపోయాం. వాడేమో దాన్ని ఎప్పుడు తీయాలి, తీసి ఏం చేయాలి అని ఫోన్ చేస్తున్నాడు. (హైదరాబాద్, పాతబస్తీ)

జవాబు: దాన్ని ఇమామ్ జామిన్ అంటారమ్మా. ప్రయాణం పెట్టుకున్నవాళ్ళకి, పెళ్ళికూతురికి కడతారు, దారిలో ఏ ఆపదా రాకూడదని. క్షేమంగా చేరాక విప్పి, ఆ డబ్బు లేనివాళ్ళకి ఇచ్చేస్తారు. అక్కడ మన రూపాయి చెల్లదు కాబట్టి, దానికి తోడు ఒక రియాల్ కలిపి ఎవరైనా పేదవాడి చేతిలో పెట్టమనండి. ఇచ్చేశాక ముందు మీకు కాదు, ఆ ఖాలాకి ఫోన్ చేసి చెప్పమనండి.