క్యాంపర్ పెట్టెకి ఏ ఫోమ్ అని నన్ను అడిగితే, రొయ్యల బండి భాయ్‌ని అడగమంటాను

ప్రశ్న: "ఫోర్ బై ఫోర్ పికప్ మీద సొంతంగా క్యాంపర్ బాడీ, అంటే లోపల పడుకుంటూ ఊళ్లు తిరిగే పెట్టె, కట్టించుకుందామని ఉంది. మన ఎండలకి ఏ ఇన్సులేషన్ మంచిది? ఎంత మందం వేయాలి?"

నేను రెండుసార్లు కట్టించాను. మొదటిది పాత ఇనుము కొట్టుకి పోయింది. అందుకని ఈ విషయంలో మాట్లాడే హక్కు నాకుంది అనుకుంటున్నాను.

ముందు ఒక చిరాకు తీర్చుకోనివ్వండి. యూట్యూబులో ఈ పని చేసి చూపించే వాళ్లలో ఎక్కువమంది చలి దేశాల వాళ్లు. లోపలి వెచ్చదనం బయటికి పోతుందని వాళ్ల బాధ. మనది రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరు. వాళ్లకి తేమ లోపలి నుంచి బయటికి నడుస్తుంది కాబట్టి ఆవిరిని ఆపే పొర గోడకి లోపలి వైపు వేయమంటారు. మైపాడు సముద్రపు గాలిలో ఏసీ వేసుకుని పడుకునే వాడికి తేమ బయటి నుంచి లోపలికి వస్తుంది. వాళ్లు చెప్పినట్టు చేస్తే నీళ్లు గోడ మధ్యలో నిలుస్తాయి. నేను చేశాను. నిలిచాయి.

ఇంకో చిరాకు ఆ పేరుతోనే. మార్కెట్‌లో "క్యాంపర్" అంటే అందరూ బొలెరో క్యాంపర్ చూపిస్తారు. అది రెండు వరుసల సీట్లున్న గూడ్స్ బండి. పడుకోవడానికీ దానికీ ఏ సంబంధమూ లేదని చెప్పేసరికి సగం రోజు పోతుంది.

సరే, నా మొదటి పెట్టె సంగతి. నెల్లూరులో సెకండ్ హ్యాండ్ ఫోర్ బై ఫోర్ పికప్ కొని, లారీ బాడీలు కట్టే ఒక షెడ్డులో ఇచ్చాను. తొమ్మిది అడుగుల పొడవు, ఐదున్నర వెడల్పు, ఆరు ఎత్తు. రెండు అడుగులకొక ఇనప స్క్వేర్ పైపు నిలబెట్టి వెల్డింగ్ చేశారు. బయట రేకు, మధ్యలో కొంత థర్మోకోల్, కొంత గ్లాస్ వూల్, దాని మీద వెండిలా మెరిసే బుడగల షీటు, లోపల ప్లైవుడ్. ఆ వెండి షీటు అమ్మినవాడు "ఎండని వెనక్కి కొట్టేస్తుంది సార్" అన్నాడు. దాని ముందు ఖాళీ జాగా ఉంటేనే అది వేడిని వెనక్కి కొడుతుంది. ప్లైవుడ్‌కి అతుక్కుని కూర్చుంటే పెళ్లి పందిట్లో మెరుపు కాగితానికీ దానికీ తేడా లేదు.

మే నెల మధ్యాహ్నం లోపల కూర్చుని గోడ మీద చెయ్యి పెడితే ప్లైవుడ్ గోరువెచ్చగా ఉండేది. స్క్రూ తలల మీద పెడితే చురుక్కుమనేది. ఆ స్క్రూలన్నీ పైపుల్లోకి దిగినవి. అక్కడే నాకు అర్థం కావాల్సింది, కాలేదు. ఇంకో పొర థర్మోకోల్ వేయించాను.

ఆ పెట్టెతో ఉదయగిరి దాటి వెలిగొండ అడుగున ఒక వాగు పక్కన పడుకున్నాం. చీకట్లో చూసుకోలేదు, వెనక చక్రం ఒకటి బండరాయి మీద ఎక్కి ఉంది. తెల్లవారి తలుపు తోస్తే రాలేదు. మా ఆవిడ కూడా తోసింది, అయినా రాలేదు. నేను కిటికీలోంచి దూకి బండి నాలుగడుగులు ముందుకు తీస్తే దానంతటదే తెరుచుకుంది. లారీ చాసీ మెలి తిరగడానికే పుట్టింది, మెలి తిరిగితేనే నాలుగు చక్రాలూ నేలని పట్టుకుంటాయి. నా పెట్టెని దానికి ఆరు చోట్ల కదలకుండా బిగించారు కాబట్టి చాసీతోపాటు పెట్టె కూడా మెలి తిరిగి తలుపు చట్రం ఐమూలగా పోయింది. ఇంటికొచ్చాక చూస్తే వెనక మూల వెల్డింగ్ పగిలి ఉంది. తర్వాత వచ్చిన వానకి ఆ పగులులోంచి దిగిన నీళ్లు తాగి గ్లాస్ వూల్ మొత్తం నానిన దూదిలా కిందికి జారిపోయింది. గోడ పైభాగంలో మిగిలింది గాలి. మా అత్తయ్య "ఇల్లుండగా లారీలో పడుకోవడమేందయ్యా" అని మాత్రమే అన్నారు. అంతకంటే ఎక్కువ అనకపోవడం ఆవిడ మంచితనం.

ఇప్పుడు అసలు కథ. మా నాయన స్నేహితులు ఒకరు టైగర్ రొయ్య రోజుల నుంచి చెరువులు చేస్తున్నారు. 1990ల్లో వైరస్ దెబ్బ తిని, 2009లో మన దేశంలోకి వెనామీ రకం రొయ్య వచ్చాక మళ్లీ లేచిన మనిషి. నా గోల విని, "నీకు చల్లపెట్టె కావాలి. చల్లపెట్టెలు కట్టేవాళ్లని వదిలేసి లారీ బాడీలు కట్టేవాళ్ల దగ్గరికి ఎందుకు పోయావు?" అన్నారు. రొయ్యల బండ్లకి పెట్టెలు కట్టే ఒక భాయ్ దగ్గరికి పంపారు.

భాయ్ నా పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు. వేలితో రెండు చోట్ల కొట్టాడు.

"ఏందన్నా ఇది, బీరువానా?"

"క్యాంపర్ భాయ్. ఇన్సులేషన్ చేయించాను."

"ఇందులో రొయ్య పెడితే చెన్నై చేరేలోపల వాసనొస్తాది."

నేను ఒప్పుకోలేదు. నాలుగు అంగుళాల మందం ఉందని వాదించాను. ఆయన వాదించలేదు. వెల్డింగ్ పగులుని పుట్టీతో మూయించి, జారిపోయిన గ్లాస్ వూల్ బదులు థర్మోకోల్ కుక్కించి, "ఐస్ తెప్పిస్తా, డబ్బులు నువ్వే ఇయ్యి" అన్నాడు.

అక్టోబరు నెల, సాయంత్రం వాన కురిసి వెలిసింది. ఏడింటికి ఐస్ దిమ్మెలు వచ్చాయి. కాటా వేస్తే 150 కేజీలు. చెక్కల మీద పేర్పించి, నేల మూలన కన్నం పెట్టి గొట్టం బయటికి తీసి, దాని కింద 20 లీటర్ల పెయింటు డబ్బా పెట్టి తలుపు మూశాడు. "ఇంటికి పో అన్నా, పొద్దున అదే చెప్తాది" అన్నాడు. నేను పోలేదు. షెడ్డులో నవారు మంచం ఉంటే దాని మీద దోమలతో పాటు పడుకున్నాను. మొదట్లో టప్ టప్ అని చుక్కలు పడ్డాయి. కాసేపటికి చుక్కల మధ్య ఖాళీ పోయి సన్నటి ధార అయింది. పదకొండు కాకముందే మొదటి డబ్బా నిండింది. రెండోది పెట్టి వచ్చి పడుకుంటే నిద్ర పట్టలేదు, ఆ ధార నా డబ్బులే అన్నట్టు వినిపించింది.

తెల్లారే వేళకి మూడు డబ్బాలు నిండాయి. ఏడింటికి నాలుగోదానిలో ఆరు లీటర్లు. మొత్తం 66. భాయ్ టీ తాగుతూ వచ్చి డబ్బాల వైపు చూడనే లేదు. నన్ను పెట్టె వెనక్కి తీసుకెళ్లాడు.

తెల్ల రేకు చాలామటుకు పొడిగా ఉంది. కానీ రెండు అడుగులకొక నిలువు గీత, పైన ఒక అడ్డ గీత, కింద ఒక అడ్డ గీత తడిసి ఉన్నాయి. లోపలి చలి ఎక్కడ బయటికి వస్తుందో అక్కడే గాలిలో తేమ పట్టి చెమటలా కారుతోంది. కరువులో బక్కచిక్కిన ఎద్దు డొక్కలాగా నా పెట్టె పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. భాయ్ ఒక గీత మీద వేలు పెట్టి పైనుంచి కిందికి గీశాడు.

"నీ చలి పోయే దారి ఇది. ఎండాకాలం వేడి వచ్చే దారీ ఇదే."

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. ఒక కేజీ ఐస్ గంటలో కరగాలంటే దాదాపు 93 వాట్ల వేడి కావాలి. పన్నెండు గంటల్లో 66 కేజీలంటే రాత్రంతా 500 వాట్ల పైన వేడి లోపలికి వస్తోంది. ఎండ లేని రాత్రి పూట! ఇనుము పఫ్ ఫోమ్ (చల్లపెట్టెల గోడల్లో పోసే పాలీయురేథేన్ నురగ) కంటే దాదాపు 2000 రెట్లు సులువుగా వేడిని మోసుకుపోతుంది. గోడ మొత్తంలో పైపుల ఇనుము నూటికి ఒక పాలు కూడా ఉండదు. ఆ ఒక్క పాలే మిగతా తొంభై తొమ్మిది పాళ్ల ఫోమ్ కంటే ఎక్కువ వేడి తెస్తుంది. ఇంకో రెండు అంగుళాల ఫోమ్ వేయాలా అని అడగడం గేటు తెరిచి పెట్టి ప్రహరీ ఎత్తు పెంచడం లాంటిది.

రెండో పెట్టె భాయ్ కట్టాడు. గోడలో ఇనుము లేదు. రెండు ఫైబర్ షీట్ల మధ్య 50 మిల్లీమీటర్ల పఫ్, పైకప్పుకి 75. పలకలకి పలకలు పాలీయురేథేన్ జిగురుతో అతికి, మూలలకి ఫైబర్ యాంగిల్. మంచం, అలమర బిగించే చోట ఫోమ్ పోయకముందే చెక్క ముక్కలు లోపల పెట్టేశాడు, బోల్టు ఒక్కటి కూడా గోడ అవతలికి పోదు. నేలకి కూడా పఫ్ వేయాల్సిందే, కింద సైలెన్సర్ వేడి తక్కువేం కాదు. తలుపుకి రొయ్యల బండి లాగే రెండు వరుసల రబ్బరు. రెండు వైపులా ఫైబరే కాబట్టి తేమ ఎటునుంచి ఎటు నడుస్తుందన్న గొడవే లేదు. మళ్లీ 150 కేజీల ఐస్ పెట్టాం. పొద్దునకి డబ్బాన్నర, 30 లీటర్లు. వేబ్రిడ్జి మీద మొదటి పెట్టె 560 కేజీలుండేది, ఇది 340. ఇసకలో దిగబడే వాడికి ఆ తేడా విలువ తెలుసు.

ఒక హెచ్చరిక. ఫోమ్ పోశాక ఆ పెట్టె దగ్గరికి వెల్డింగ్ వాడిని రానివ్వకండి. పఫ్ అంటుకుంటే మంట కంటే పొగే ముందు చంపుతుంది. బ్రాకెట్లు, సబ్‌ఫ్రేమ్ (పెట్టె కింద కూర్చునే ఇనప చట్రం) అన్నీ ముందే అయిపోవాలి.

బిగింపు మూడు చోట్ల. ముందు మధ్యలో ఒక కీలు, వెనక రెండు పక్కలా రెండు. ముక్కాలి పీటని ఎంత ఎగుడుదిగుడు నేల మీద వేసినా ఊగదు, నాలుగు కాళ్ల మంచం ఊగుతుంది. అదే సూత్రం. ఎడారులు తిరిగే యూనిమోగ్ లారీల మీద పెట్టెలు కూడా ఇలా కీళ్ల మీదే కూర్చుంటాయి. ఆ తర్వాత అదే బండరాయి మీద అదే చక్రం ఎక్కించి, కావాలనే, మా ఆవిడని బయట నిలబెట్టి తలుపు తీసి చూపించాను. "సంతోషం" అంది.

అన్నీ చేశాక మొదటి రాత్రి రెండింటికి ఇద్దరం చెమటలు కారుతూ లేచాం. నిద్రపోతున్న మనిషి ఒక్కొక్కరు 70, 80 వాట్ల వేడి వదులుతారు. మంచి పెట్టె బయటి వేడిని రానివ్వదు, మన వేడిని పోనివ్వదు. పైకప్పులో గాలిని బయటికి లాగే 12 వోల్టుల ఫ్యాను, నీడ వైపు కింద ఒక కిటికీ పెట్టాకే నిద్ర పట్టింది. వంట మాత్రం బయటే. గాలి చొరని పెట్టెలో గ్యాస్ పొయ్యి వెలిగించి పడుకున్నవాడు మళ్లీ లేవకపోవచ్చు. సోలార్ పలకలు కప్పుకి అతికించకుండా మూడు అంగుళాల ఎత్తులో నిలబెట్టండి. వాటి నీడ కప్పుకి తాటాకు పందిరిలా పనిచేస్తుంది, ఎండ అసలు పఫ్ దాకా రాదు. మన తీరంలో పూరిళ్లు కట్టినవాళ్లకి ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు.

కాగితాల గురించి కూడా అడుగుతారు, ఎలాగూ. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారుచేసినవాళ్లు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అందుకే ఇనుము కొనకముందే రవాణా ఆఫీసుకి వెళ్లి రాతపూర్వకంగా అడగండి. నేను కట్టించాక వెళ్లాను, ఎన్నిసార్లు తిరిగానో చెప్పను. నాది బోల్టులు విప్పితే నలుగురు మనుషులు, ఒక చైన్ బ్లాక్‌తో దిగిపోతుంది, ఇంట్లో ఉన్నప్పుడు దించే ఉంచుతాను. రెండు పెట్టెలకీ కలిపి ఎంతయిందని అడగకండి. ఇంట్లో కూడా ఆ లెక్క చెప్పలేదు.

ఈ పెట్టెతో ఒక్కటే ఇబ్బంది. తెల్లగా, నున్నగా, వెనక మందపాటి తలుపుతో అచ్చం రొయ్యల బండి లాగే ఉంటుంది. మొన్న సింగరాయకొండ దగ్గర టీకి ఆపితే ఒకాయన మోటారు సైకిల్ స్టాండ్ వేసి మరీ వచ్చాడు.

"ఎంత కౌంటన్నా?"

కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయని ఆయన ప్రశ్న. నేను నోరు తెరిచేలోపల మా ఆవిడ లోపలి నుంచి తల బయటపెట్టి చెప్పింది.

"రెండే అన్నా. ఇద్దరమే ఉన్నాం."