సబ్‌వూఫర్ పాటలో కలవాలంటే...

ప్రశ్న: మా గది 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. 5 అంగుళాల బుక్‌షెల్ఫ్ స్పీకర్లకు తోడుగా 10 అంగుళాల పవర్డ్ సబ్‌వూఫర్ (బేస్, అంటే లోతైన శబ్దాల కోసం సొంత ఆంప్లిఫయర్‌తో వచ్చే స్పీకర్) కొన్నాను. ఆంప్లిఫయర్‌కి సబ్ అవుట్ లేకపోవడంతో టేప్ అవుట్ (రికార్డింగ్ కోసం ఇచ్చే సాకెట్) నుంచి వైరు లాగాను. వాల్యూమ్ తగ్గించినా సబ్ తగ్గదు. మూలన పెడితే ఒకటే హోరు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ముందు ఆ వైరు పీకేయండి. టేప్ అవుట్ సిగ్నల్ వాల్యూమ్ నాబ్ దాకా రాకముందే బయటికొచ్చేస్తుంది. ప్రీ అవుట్ (వాల్యూమ్ నాబ్ దాటిన సిగ్నల్ ఇచ్చే సాకెట్) ఉంటే అక్కణ్నుంచి ఇవ్వండి. అదీ లేకపోతే సబ్ వెనక హై లెవెల్ ఇన్‌పుట్ (స్పీకర్ వైర్లు తగిలించే చోటు) ఉందేమో చూడండి. ఆంప్లిఫయర్ ఆపి, స్పీకర్ వైర్లను కదపకుండా, అవే టెర్మినళ్ల నుంచి మరో జత వైర్లు దానికి కలపండి. సబ్‌కి సొంత ఆంప్లిఫయర్ ఉంది కాబట్టి మీదాని మీద భారం పడదు. కాకపోతే బ్రిడ్జ్‌డ్ ఆంప్లిఫయర్లలో (రెండు ఆంప్లిఫయర్లు కలిసి ఒకే స్పీకర్‌ని నడిపే రకం), చాలా క్లాస్-డీ (స్విచింగ్ రకం) వాటిలో నల్ల టెర్మినల్ గ్రౌండ్ కాదు. ఎడమ, కుడి నల్ల వైర్లు రెండూ కలిస్తే ఆంప్లిఫయర్ కాలిపోవచ్చు. ఆంప్లిఫయర్, సబ్ రెండింటి మాన్యువల్స్ చూడకుండా ముట్టుకోకండి.

హోరు తప్పు సబ్‌ది కాదు, గదిది. మీ గది పొడవుకు 40 హెర్ట్జ్ దగ్గర, వెడల్పుకు 47 దగ్గర శబ్దం గోడల మధ్య నిలిచిపోయి ఉబ్బుతుంది. బేస్ గిటార్ నాలుగో తీగ 41 హెర్ట్జ్, అందుకే ఆ స్వరం ఒక్కటే మీద పడుతుంది. మూలన పెడితే రెండూ పూర్తిగా రెచ్చిపోతాయి. సబ్‌ని మీరు కూర్చునే కుర్చీలో పెట్టి, బేస్ బాగా నడిచే పాట వేసి, స్పీకర్ల వైపు గోడ వెంట చెవి నేలకు దగ్గరగా పెట్టి పాకండి. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనీండి. స్వరాలన్నీ ఒకే బరువుతో వినిపించిన చోటే సబ్‌కి తగిన చోటు.

క్రాస్‌ఓవర్ (సబ్ ఎంత పై స్వరం దాకా వాయించాలో చెప్పే నాబ్) 60 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. మీ స్పీకర్లకు వెళ్లే బేస్‌ని ఏదీ ఆపడం లేదు. సబ్‌ని 100కి పెంచితే ఒకే స్వరాన్ని రెండూ వాయించి మగ గొంతులు మందంగా, బొంగురుగా తయారవుతాయి.

ఇక ఫేజ్, అంటే సబ్, స్పీకర్ల కదలికలు ఒకే తాళంలో ఉండేలా చూసే స్విచ్. 60 హెర్ట్జ్ టెస్ట్ టోన్ వేసి, కుర్చీలో కూర్చుని, స్విచ్‌ని 0కీ 180కీ ఇంకొకరి చేత మార్పించండి. ఎక్కువ శబ్దం వచ్చిందే సరైనది. చాలామంది పల్చగా వినిపించేదాన్ని ‘క్లీన్’ అనుకుని ఎంచుకుంటారు. నిజానికి అక్కడ సబ్, స్పీకర్లు ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి.

లెవెల్ (సబ్ వాల్యూమ్) చివర్న, సున్నా నుంచి పెంచుకుంటూ రండి. మృదంగం తొప్పి (లోతుగా మోగే వైపు) దెబ్బకు బరువు రావాలి కానీ, అది సబ్ ఉన్న చోటు నుంచి వస్తోందని తెలియకూడదు. తెలిస్తే కాస్త తగ్గించండి. తర్వాత సబ్‌ని జరిపితే ఫేజ్, లెవెల్ రెండూ మళ్లీ చూసుకోవాల్సిందే.